సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు "నా ముచ్చట తీసెయ్" అంటోంది, ఏం చెయ్యాలి?

ఎడిట్‌టేబుల్
నాలుగేళ్ళుగా గల్ఫ్ కుటుంబాల మీద ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాను. సొంత డబ్బు కొంత, స్నేహితులిచ్చింది కొంత, మిగతాది పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి సంపాదించింది. ఇప్పటికి 71 నిమిషాల కట్ దగ్గర నిలబడింది. ఒక విదేశీ ఫెస్టివల్ వాళ్ళు తీసుకున్నారు. ఆరు వారాల్లో స్క్రీనింగ్. డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ) అంతకంటే ముందే పంపాలి.

సినిమా మొత్తం జగిత్యాల వైపు ఒక ఊళ్ళో ఉండే ఒకామె మీద నిలబడి ఉంది. భర్త దుబాయ్‌లో సైటు మీద చనిపోయాడు. పెట్టె శంషాబాద్ కార్గోకి చేరడానికి 47 రోజులు పట్టింది. ఆ 47 రోజులూ ఇంట్లో ఏం జరిగిందో ఆమె చెప్తుంది. ఏడుపు లేదు, వంట చేస్తూ చెప్తుంది. 71లో 38 నిమిషాలు ఆమే.

మొన్న రాత్రి ఫోన్ చేసింది. "బిడ్డా, నా ముచ్చట అండ్లకెళ్ళి తీసెయ్" అంది. ఎందుకమ్మా అంటే "గంతే" అని పెట్టేసింది. తర్వాత ఎత్తట్లేదు.

రిలీజ్ ఫామ్ మీద ఆమె సంతకం ఉంది. ఇలా ఎవరికైనా అయిందా? తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి, కానీ తిట్టాక ఉపాయం కూడా చెప్పండి.

కృష్ణానగర్_కెమెరా
సంతకం ఉందిగా. వేసెయ్ బ్రో. ఎక్కడో యూరప్‌లో వంద మంది చూస్తారు, ఆ ఊరికి తెలిసేదెట్లా? ఇట్లాంటి ఛాన్స్ మళ్ళీ రాదు.

జగిత్యాల_పోరడు
@కృష్ణానగర్_కెమెరా యూరప్‌ల చూస్తే ఊరికి ఎర్కగాదా? అన్నా, మా ఊళ్ళె ఇంటికొకడు బయట దేశంల ఉన్నడు. ట్రైలర్ పడ్డ గంటల దోహాల ఉన్నోడు చూస్తడు, వాడు వాట్సాప్ గ్రూప్‌ల ఏస్తడు, పొద్దుగాల బస్టాండ్ హోటల్ల మాట్లాడుకుంటరు. గల్ఫ్ ఊళ్ళకున్నంత నెట్‌వర్క్ ఏ టీవీ ఛానెల్‌కు లేదు.

సౌండ్‌శీను
నిజం. మా బావమరిది అబుదాబిలో ఉండి మా వీధిలో ఎవరింట్లో మటన్ వండారో చెప్తాడు.

లాయరమ్మ
ఎడిట్‌టేబుల్, ముందు ఈ మూడింటికి జవాబు చెప్పండి. ఫామ్ ఏ భాషలో ఉంది? ఎవరు చదివి వినిపించారు? ఎప్పుడు సంతకం పెట్టించారు, షూటింగ్‌కి ముందా, తర్వాతా?

ఎడిట్‌టేబుల్
ఇంగ్లీషులో. నెట్‌లో దొరికిన నమూనా దించుకున్నాను. నేనే తెలుగులో చెప్పాను. మొదటి రోజు, టీ తాగాక.

లాయరమ్మ
ఏం చెప్పారు? నిజం చెప్పండి.

ఎడిట్‌టేబుల్
"మీరు మాట్లాడింది సినిమాలో పెట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు అమ్మా" అన్నాను. రెండు పేజీల ఫామ్ అది. ఒక్క వాక్యంలో చెప్పాను. ఒప్పుకుంటున్నాను.

లాయరమ్మ
మీరు ఒప్పుకున్నారు కాబట్టి గట్టిగా తిట్టను. చట్టం సంగతి చెప్తాను. ఫుటేజ్ మీద కాపీరైట్ మీదే, అందులో తగాదా లేదు. సంతకం కూడా కోర్టులో కొంతవరకు నిలబడుతుంది. కానీ 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల బెంచి గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద, షూటింగ్ ఇంకా మొదలవకముందే, తను ఏం మాట్లాడబోతోందో తనకే తెలియనప్పుడు పెట్టిన సంతకం... నేను ఆమె వైపు లాయర్‌నైతే ఆ ఫామ్‌ని పదినిమిషాల్లో చింపి చేతిలో పెడతాను.

అసలు ఆమె కోర్టుకి రాదు. మీకూ తెలుసు. అందుకే ఇది కోర్టు ప్రశ్న కాదు.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కట్
అంటే ఎవరు ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసెయ్యాలా? అట్లైతే మన దేశంలో ఒక్క డాక్యుమెంటరీ మిగలదు. డాక్యుమెంటరీల ఆనంద్ పట్వర్ధన్ ఏ మంత్రిని అడిగి తీశాడు?

జొన్నరొట్టె
@ఇరానీచాయ్ మంత్రీ, మొగుడు పోయినామే ఒకటేనా? మంత్రి వద్దన్నా చూపెట్టాలె, అది ఆయన కొలువు. ఈమెకేం కొలువు? ఈమె ఒప్పుకుంటేనే సినిమా.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కట్
ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ నాలుగేళ్ళు ఆ పిల్లాడు కూడా పెట్టాడు కదా. వాడి కష్టం కష్టం కాదా?

సౌండ్‌శీను
కష్టం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను ఇప్పటికి తొమ్మిది సామాజిక న్యాయం సినిమాలకి సౌండ్ చేశా. కూలీల హక్కులు, వెట్టిచాకిరీ, జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టర్లు, అన్నీ. తొమ్మిదిలో నాలుగింటికి నా బేటా, అదే రోజువారీ భత్యం, ఇంకా రాలేదు. కమర్షియల్ సినిమా వాడు తిడతాడు గానీ సాయంత్రానికి కవర్ చేతిలో పెడతాడు.

కృష్ణానగర్_కెమెరా
😂😂 శీనన్నా, ఆ నాలుగింటిలో నాది ఉందా?

సౌండ్‌శీను
ఉంది. అడుగుతావేమోనని ఇన్నాళ్ళూ చూస్తున్నా.

కృష్ణానగర్_కెమెరా
ఫోన్‌పే చేస్తా అన్నా, ఇక్కడ అడగకు.

జగిత్యాల_పోరడు
నా ముచ్చట చెప్త. పొడుగున్నది, ఓపిక ఉన్నోళ్ళు సదువుండ్రి.

మా చిన్నాయిన సౌదీల ఖల్లివెల్లి అయిండు. ఎర్క లేనోళ్ళకు చెప్తున్న, కంపెనీ ఇడిశి పెట్టి బయట పనికి పోతే వాళ్ళనట్ల అంటరు. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, అంటే పనికి పెట్టుకున్న షేటు దగ్గర, మనిషి రోడ్డు మీద. అక్కడ్నే గుండె ఆగి సచ్చిపోయిండు. పెట్టె వచ్చే రోజు టీవీ బండి ఒకటి వచ్చింది. ఏ ఛానెలో చెప్ప. అంబులెన్స్ దిగంగనే మా చిన్నమ్మ పెట్టె మీద పడి ఏడ్చింది. కెమెరా ఆయన దగ్గరికొచ్చి, "అమ్మా, ఇందాక మీదికి లైటు రాలే, మళ్ళొక్కసారి ఏడ్వుమా" అన్నడు. మా చిన్నమ్మ ఏం చేసిందో ఎర్కేనా? మళ్ళ ఏడ్చింది. ఎందుకంటే టీవీల వస్తే సర్కారు పైసలిస్తదని ఎవడో చెప్పిండు.

పైసల్ రాలే. కానీ ఆ వీడియో యూట్యూబ్‌ల ఇప్పటికీ ఉన్నది. మా చెల్లె ఇంజనీరింగ్ కాలేజీల చేరితే దోస్తులు అది తెరిచి "మీ అమ్మేనా" అని అడిగిండ్రు.

గందుకే అన్నా, ఆమె "గంతే" అన్నదంటే ఎనుకాల ఏదో ఉన్నది. ఫోన్ల చెప్పది. ఇంటికి పో.

ఎడిట్‌టేబుల్
@జగిత్యాల_పోరడు ఇది చదివాక రెండు గంటలు ఎడిట్ టేబుల్ ముందు కూర్చుని ఏం ముట్టుకోలేదు. నేను లైటు కోసం మళ్ళీ ఏడవమనలేదు. కానీ "ఆ అన్నం వార్చేది మళ్ళొకసారి చెయ్యమ్మా" అన్నాను. క్లోజప్ కావాలని.

పాతరీలు
నాకు అరవై దాటాయి కాబట్టి కొంచెం చరిత్ర చెప్పుకుంటాను, విసుక్కోకండి.

ఈ ప్రశ్న హైదరాబాద్‌కి కొత్త కాదు. 1980ల మొదట్లో యుగాంతర్ అని ఒక స్త్రీవాద సినిమా బృందం ఉండేది, డైరెక్టర్ దీపా ధన్‌రాజ్ వాళ్ళది. పూణెలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ మీద, నిపానీలో పొగాకు కార్మికుల మీద తీశారు. ఎవరి మీద తీస్తున్నారో వాళ్ళ సంఘంతో కలిసి తీయడం వాళ్ళ పద్ధతి. 1983లో ఇక్కడి మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటనతో కలిసి "ఇది కథ మాత్రమేనా?" తీశారు. ఇంటి లోపలి హింస మీద. ఎవరి ముఖమూ బజారున పెట్టకుండా అందరి అనుభవాలూ కలిపి ఒక కథగా రాసుకుని నటించారు. అంటే డాక్యుమెంటరీ చేసే చేతులే, ఈ విషయానికి మాత్రం కథ కావాలని తేల్చుకున్నాయి. నలభై ఏళ్ళ కిందట. ఆ తర్వాత 1984 హైదరాబాద్ అల్లర్ల మీద తీసినప్పుడు కథ కాదు, నేరుగా వీధిలోకే కెమెరా పట్టుకెళ్ళారు. ఎక్కడ దాచాలో ఎక్కడ చూపాలో వాళ్ళకి లెక్క ఉంది.

మన ఎడిట్‌టేబుల్‌కి కథలోకి మార్చే టైము లేదు, తెలుసు. ఊరికే గుర్తొచ్చి చెప్పాను.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కట్
పాతరీలు గారూ, మీ "ఊరికే" అన్నీ ఇంతింత పొడుగుంటాయి 🙏

మూడో_అంతస్తు
ఆమె ముఖం బ్లర్ చేసి గొంతు మార్చేస్తే?

సౌండ్‌శీను
గొంతు మారిస్తే కార్టూన్ బొమ్మ మాట్లాడినట్టుంటుంది. వంట చేస్తూ చెప్పేది ఆ గొంతుతో వింటే జనం నవ్వుతారు. నా వల్ల కాదు.

జొన్నరొట్టె
బ్లర్ చేస్తే దొంగను చూపెట్టినట్టుంటది. పోలీసోళ్ళు ప్రెస్ మీట్ల నిలబెడ్తరు చూడు, ముఖం మీద నల్లగుడ్డ, గట్ల. ఆమె ఏం తప్పు చేసింది?

కెమెరా సంగతికొస్తే మాది జహీరాబాద్ దిక్కు, ఒక మాట చెప్త. పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది కదా, 2023ల పోయిన పీవీ సతీష్ సార్ పెట్టినదాంట్ల ఒకరు. అక్కడ సంఘంల పనిచేసే దళిత ఆడోళ్ళు, శానామందికి సదువు రాదు, కెమెరా నేర్చుకున్నరు. పంటల మీద, విత్తనాల మీద తీసిండ్రు. వరంగల్ దిక్కు పోయి బీటీ పత్తి ఏసిన రైతుల ఎంబడి సీజన్ అంతా తిరిగి తీసిండ్రు. కెమెరా నేర్పేటప్పుడు హై యాంగిల్, లో యాంగిల్ అంటే వాళ్ళకు నోరు తిరగలే. వాళ్ళే పేర్లు పెట్టుకున్నరు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, ఎందుకంటే పటేలు అట్లనే చూస్తడు. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కండ్లకు కండ్లు సమానంగ ఉంటే సంఘం షాట్.

సంఘం షాట్ తియ్యాలంటే, ఎదుటామె కింద కూసుంటే నువ్వు గూడ కింద కూసోవాలె. ఎడిట్‌టేబుల్ అన్నా, నీ 38 నిమిషాలల్ల ఏది ఎంత?

ఎడిట్‌టేబుల్
చూసి చెప్తా.

ఎడిట్‌టేబుల్
చూశాను. వంటింట్లోవి చాలావరకు ట్రైపాడ్ మీదివి. ఆమె పీట మీద, కెమెరా నా ఛాతీ ఎత్తులో. పటేల్ షాట్లే. అందంగా ఉన్నాయనుకున్నాను ఇన్నాళ్ళూ.

కృష్ణానగర్_కెమెరా
ఇక చాలించండి. పాపం వాణ్ణి ట్రైపాడ్ ఎత్తుకి కూడా దోషిని చేస్తున్నారు. పొయ్యి మీదున్నది కనిపించాలంటే పైనుంచే తియ్యాలి. ఫ్రేములో గిన్నె ఉండొద్దా?

జొన్నరొట్టె
గిన్నె కోసం పెట్టినవా, సౌలతుకు పెట్టినవా, ఆనికే ఎర్క.

ప్రెస్‌క్లబ్_పక్కింట్లో
ఇంకో కోణం. కాగితం పక్కాగా ఉండి, అందరూ ఇష్టపడి తీసినా చివరికి మాట పడే రోజు వస్తుంది. ఖబర్ లహరియా గుర్తుందా? యూపీలో దళిత మహిళలు ముందుండి నడిపే పత్రిక. వాళ్ళ మీద తీసిన "రైటింగ్ విత్ ఫైర్" 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. సరిగ్గా ఆ అవార్డుల ముందు పత్రికవాళ్ళే ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా బలంగానే ఉంది గానీ, మేము ఒకే పార్టీ వార్తల చుట్టూ తిరిగేవాళ్ళమన్నట్టు చూపడం సరికాదని. మాట్లాడటం, రాయడం వృత్తిగా ఉన్నవాళ్ళకే అంతదాకా వచ్చాక గానీ అది చెప్పే సందు దొరకలేదు. ఇక ఈమెకి ఫోన్ ఒక్కటే ఉంది. ఆ ఫోన్ చేసింది.

మూడో_అంతస్తు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది సఫాయి కార్మికుల మీద 22 నిమిషాల సినిమా. హైదరాబాద్‌లో ఎక్కడైనా వేద్దామంటే హాలు వాళ్ళు సెన్సార్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. డాక్యుమెంటరీకి కూడా కావాలా? ఒకచోట ఒప్పుకుని, పోస్టర్ వేశాక, ముందురోజు రాత్రి "రిపేరు ఉంది" అన్నారు.

లాయరమ్మ
కావాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలో ఫీచర్ సినిమాకి, డాక్యుమెంటరీకి తేడా లేదు, పబ్లిక్‌గా చూపించే ఏ సినిమాకైనా సర్టిఫికెట్ ఉండాల్సిందే. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కూడా ఒక డాక్యుమెంటరీయే, తీసింది కె.ఎ.అబ్బాస్. నాలుగు నగరాల మీద చిన్న సినిమా తీశాడు, కొన్ని దృశ్యాలు కొయ్యమన్నారు, కోర్టుకెక్కాడు. 1970లో తీర్పు: ముందస్తు సెన్సార్ రాజ్యాంగబద్ధమే అని. ఇదివరకు బోర్డు మీద అప్పీలుకి ట్రిబ్యునల్ ఉండేది, 2021లో అదీ తీసేశారు. ఇప్పుడు హైకోర్టే. 22 నిమిషాల సినిమాకి హైకోర్టు. ఫెస్టివల్స్‌కి కేంద్రం మినహాయింపు ఇస్తుంది, కానీ అది ఫెస్టివల్ వాళ్ళు తెచ్చుకోవాలి.

పాతరీలు
ఆ మినహాయింపు మీదే 2004 ముంబయి ఫెస్టివల్ అప్పుడు పెద్ద గొడవ. విదేశీ సినిమాలకి లేని సర్టిఫికెట్ మన సినిమాలకే కావాలన్నారు. డాక్యుమెంటరీ వాళ్ళంతా తిరగబడితే ఆ షరతు పోయింది. తర్వాత ఎంపికలో ఆ తరహా సినిమాలు చాలా పక్కకి పోయాయి. వీళ్ళు ఫెస్టివల్ ఎదురుగానే "వికల్ప్" అని పోటీ ప్రదర్శన పెట్టుకున్నారు.

ప్రెస్‌క్లబ్_పక్కింట్లో
@మూడో_అంతస్తు "రిపేరు" అనేది హైదరాబాద్ హాళ్ళకి వచ్చే సీజనల్ జబ్బు. సినిమా పేరు వినగానే ఏసీ చెడిపోతుంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, బంజారాహిల్స్ లామకాన్‌లో అడిగి చూడు. అసలు ముందు ఎవరి మీద తీశావో ఆ బస్తీలో వెయ్యి. తెల్ల దుప్పటి, ఒక ప్రొజెక్టర్.

మూడో_అంతస్తు
బస్తీలో వేశాను. సగంలో ఒకాయన లేచి "ఆ మ్యాన్‌హోల్ మాది కాదు, పక్క డివిజన్‌ది" అన్నాడు. ఎడిటింగ్‌లో షాట్లు కలిసిపోయాయి, నాకే తెలియదు. అదొక్కటే నాకొచ్చిన రివ్యూ.

సౌండ్‌శీను
అంతకన్నా పెద్ద సెన్సార్ బోర్డు లేదు.

బూసాన్_కలలు
డబ్బుల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఆసియాలో డాక్యుమెంటరీకి కొరియాలోని బూసాన్ ఫెస్టివల్ వాళ్ళ ఫండ్ ఉంది, కలకత్తాలో డాక్‌ఎడ్జ్ పిచింగ్ (డబ్బు పెట్టేవాళ్ళకి మన సినిమా గురించి చెప్పుకునే చోటు) ఉంది. ఖాట్మండులో ఫిల్మ్ సౌత్ ఏషియా ఫెస్టివల్ 1997 నుంచి రెండేళ్ళకోసారి జరుగుతోంది, రైళ్ళూ బస్సులూ మారుతూ పోయి రావచ్చు. జపాన్‌లో యమగాటా ఫెస్టివల్ అయితే కాశీ యాత్రే. కాకపోతే అప్లికేషన్లలో ఒక గడి ఉంటుంది, "మీ పాత్రలకి మీరెంత దగ్గర?" అని. నేను ప్రతిసారీ "చాలా దగ్గర" అని కొడతాను. ఈ థ్రెడ్ చదివాక ఆ గడి దగ్గర చెయ్యి ఆగింది.

పాతరీలు
యమగాటా పేరెత్తారు కాబట్టి ఇంకొక్క ముక్క. ఆ పండుగ 1989లో మొదలవడంలో ఒగావా షిన్‌సుకె అనే డాక్యుమెంటరీ డైరెక్టర్ చెయ్యి ఉంది. నరీటా విమానాశ్రయానికి భూములివ్వమన్న రైతుల మధ్య తన బృందంతో ఏళ్ళ తరబడి కాపురం పెట్టి తీశాడు. తర్వాత యమగాటాలో ఒక ఊరు చేరి, అక్కడ కూడా వెంటనే కెమెరా తీయలేదు. వరి వేశారు. నాట్లు వేసి, కోసి, రైతులతో తిట్లు తిని, ఆ తర్వాత సినిమా.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కట్
మాకు ఈఎంఐలు ఉన్నాయి సార్. వరి వేస్తే బ్యాంకు ఒప్పుకోదు.

పాతరీలు
వాళ్ళకీ అప్పులుండేవి నాయనా. అది మాత్రం అనుకరించవద్దు.

మోడరేటర్
థ్రెడ్ దారి తప్పుతోంది. శీను బేటా గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి.

సౌండ్‌శీను
వేరే థ్రెడ్ 2019 నుంచి ఉంది సార్. దానికి ఎవరూ జవాబివ్వరు.

ఎడిట్‌టేబుల్
వారం తర్వాత వస్తున్నాను, క్షమించండి. వెళ్ళి వచ్చాను.

జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కి, అక్కడ మారి, మధ్యాహ్నానికి చేరాను. కెమెరా తీసుకెళ్ళలేదు. ల్యాప్‌టాప్, చిన్న స్పీకరు అంతే. ఆమె పొలం నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నా. చూసి ఏమీ అనలేదు, "తిన్నవా" అంది. తిన్నాక చెప్పాను, అమ్మా నువ్వు తీసెయ్యమంటే తీసేస్తా, ఫామ్ కూడా చింపేస్తా, కానీ ఏముందో ఒకసారి చూడు అని. నాలుగేళ్ళలో ఆమెకి ఒక్క షాట్ కూడా చూపించలేదు నేను. ఈ మాట టైపు చేస్తుంటే సిగ్గుగా ఉంది.

రాత్రి దీపాలు పెట్టాక ఆమె, కూతురు, అత్త, నేను కూర్చున్నాం. 71 నిమిషాలు. భర్త బట్టలున్న అట్టపెట్టె తెరిచే చోట అత్త లేచి బయటికి వెళ్ళిపోయింది, మళ్ళీ లోపలికి రాలేదు. ఈమె మాత్రం కదలకుండా చూసింది. తన వంట చూసి ఒకచోట నవ్వింది, "ఉప్పు రెండుసార్లు ఏస్తున్న, నువ్వు మళ్ళ మళ్ళ చెయ్యమన్నవ్ గదా" అంది.

అయిపోయాక కారణం చెప్పింది. ఒక చోట మూడు రూపాయల మిత్తికి ఎవరి దగ్గర తెచ్చారో పేరు చెప్తుంది. నాకది నాలుగు సెకన్ల మాట. ఆ మనిషే ఇప్పుడు కూతురి సంబంధానికి మధ్యవర్తి. ఇంకా తొంభై వేలు బాకీ ఉంది. ట్రైలర్ దోహా నుంచి తిరిగి ఆయన ఫోన్లోకే వచ్చిందట, @జగిత్యాల_పోరడు చెప్పినట్టే. ఇంటికొచ్చి "నన్ను సినిమాల పెట్టినవంట గదా" అన్నాడట నవ్వుకుంటూ. ట్రైలర్లో ఆ మాటే లేదు. అయినా ఆమెకి భయం పట్టుకుంది.

జొన్నరొట్టె
నాలుగు సెకన్లు.

లాయరమ్మ
ట్రైలర్ ముందు తీసెయ్యండి. ఇప్పుడే. ఆ పేరు సబ్‌టైటిల్స్ ఫైల్లో కూడా ఉంటుంది, అక్కడా కొట్టెయ్యండి. ఫెస్టివల్‌కి ఇంతకుముందు పంపిన లింకు మూసెయ్యండి.

ఎడిట్‌టేబుల్
ట్రైలర్ అక్కడే అరుగు మీద కూర్చుని తీసేశా. సబ్‌టైటిల్స్ సంగతి నాకు తట్టలేదు, ఇప్పుడు చేస్తా. ఆ పేరు పోతే మిగతాది ఉంచుకోమంది. కొత్త కాగితం తెలుగులో రాశాం, కూతురు రాసింది. పెళ్ళయ్యేదాకా ఆన్‌లైన్‌లో ఎక్కడా పెట్టకూడదు, జగిత్యాలలో వేసేముందు అడగాలి, అని రెండు షరతులు వాళ్ళే పెట్టారు.

కానీ అది కాదు నేను చెప్పాలనుకున్నది. బస్సుకి బయల్దేరేముందు ఆమె అంది, "నన్ను ఇంతసేపు చూపెట్టినవ్, ఆ దుబాయ్ ఏజెంటుగాన్ని ఒక్క నిమిషం గూడ చూపెట్టలే. ఆన్ని ఎందుకు అడగలే?"

జవాబు లేదు నా దగ్గర. వాడి ఆఫీసు సికింద్రాబాద్‌లో నా గదికి నాలుగు కిలోమీటర్లు. జగిత్యాలకి ఇరవై సార్లు వెళ్ళాను.

జగిత్యాల_పోరడు
అబ్బ. గీ మాట కోసం నాలుగేండ్లు పట్టిందా.

రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సింది ముప్పై వేలు, మీద జీఎస్టీ. లక్షా ఇరవై, లక్షా యాభై తీస్తరు. ఊళ్ళె తిరిగే సబ్ ఏజెంటుకైతే లైసెన్సే ఉండది. ముందు అడుగు, నీ నంబర్ ఏందని. సర్కారోళ్ళ ఈ-మైగ్రేట్ సైట్ల కనబడ్తదో లేదో అక్కడ్నే చూడు.

పాతరీలు
కంబోడియాలో డైరెక్టర్ రితీ పాన్ 2003లో ఖ్మేర్ రూజ్ పాలనలో జనాన్ని హింసించి చంపిన ఎస్-21 జైలు మీద తీసినప్పుడు బతికి బయటపడ్డ చిత్రకారుణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి ఏడిపించలేదు. కాపలావాళ్ళనే మళ్ళీ ఆ ఖాళీ గదుల్లోకి తీసుకెళ్ళాడు. అప్పుడేం చేసేవాడివో చెయ్యి అంటే, వాళ్ళ చేతులు వాటంతటవే తాళాలు వేశాయి, బెదిరించాయి. ఆ చిత్రకారుడే వాళ్ళని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడుగుతాడు. మీ సినిమాలో ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తనంతట తనే అక్కడికి చేరింది.

కృష్ణానగర్_కెమెరా
హిడెన్ కెమెరా పెట్టేద్దాం. బటన్ కెమెరా నా దగ్గరుంది.

లాయరమ్మ
వద్దు. ముందు మామూలుగా అడగండి, కెమెరా టేబుల్ మీద కనబడేలా పెట్టి. వెళ్ళగొడితే వెళ్ళగొట్టడం కూడా ఒక షాటే. దొంగచాటుగా తీస్తే రేపు మాట్లాడుకునేది వాడి గురించి కాదు, మీ బటన్ గురించి.

ప్రెస్‌క్లబ్_పక్కింట్లో
ఒక్కడే పోవద్దు. ఇంకో సంగతి, క్రూ పేర్లు ఎవరివి వెయ్యాలో ఆలోచించుకో. 1965 ఇండోనేషియా హత్యల మీద 2012లో వచ్చిన సినిమాకి చివర్లో పేర్లు చూస్తే స్థానిక క్రూలో వరసగా "అజ్ఞాత, అజ్ఞాత, అజ్ఞాత". సినిమా అయిపోయాక కూడా ఆ ఊళ్ళోనే బతకాల్సినవాళ్ళు.

సౌండ్‌శీను
నా పేరు పెద్దక్షరాల్లో వెయ్యండి. ఎవరైనా చూసి పని ఇస్తారు.

బూసాన్_కలలు
ఫెస్టివల్ డెడ్‌లైన్ సంగతి?

ఎడిట్‌టేబుల్
మెయిల్ పెట్టాను, రెండు వారాలు అడిగాను. జవాబు రాలేదు. రాకపోతే ఏజెంటు లేని కట్ పోతుంది, పేరు తీసేసి. వస్తే సోమవారం ఉదయం పదకొండుకి ఆ ఆఫీసు మెట్లెక్కుతాను. ఎవరొస్తారు?

కృష్ణానగర్_కెమెరా
నేను. ట్రైపాడ్ తేను, కుర్చీ ఎత్తులో పట్టుకుంటా. జొన్నరొట్టె చూస్తుంటాడు.

జొన్నరొట్టె
చూస్తుంటది. నేను ఆడిదాన్ని.

కృష్ణానగర్_కెమెరా
సారీ అక్కా 🙏

సౌండ్‌శీను
నేనూ వస్తా. ఆ ఆఫీసులో పాత విండో ఏసీ ఉంటుంది, లారీలా మోగుతుంది. వాడు చెప్పే అబద్ధాలు ఒక్కటీ వినపడవు. వెళ్ళగానే కరెంటు పోయిందేమో చూడమన్నట్టు నటించి నేను స్విచ్ ఆపుతా, ఎవరూ నవ్వొద్దు. బేటా మాత్రం మెట్లెక్కకముందే.